ఎండ్‌పాయింట్ సెక్యూరిటీ, 4వ పాఠం: ఫోల్డర్ చెరిపితే ఏజెంట్ పోదు

ఏజెంట్ అంటే మెషీన్‌లో నడుస్తూ దాన్ని కాపాడే సెక్యూరిటీ ప్రోగ్రామ్. పోయిన పాఠంలో "ఏజెంట్‌ను తీసేసి మళ్లీ ఎక్కించండి" అని ఒక్క ముక్కలో వదిలేశాను. అమీర్‌పేట హాస్టల్ నుంచి ఒకరు, మాదాపూర్ ఆఫీసు నుంచి ఇద్దరు ఒకే మాట రాశారు: "ఆప్ట్‌లో (/opt) ఏజెంట్ ఫోల్డర్ చెరిపేశాం సార్, ఇప్పుడు అన్‌ఇన్‌స్టాల్ కావట్లేదు." అందుకే మాకోస్ పాఠం వచ్చేసారికి జరిపాను.

లినక్సులో ఫైల్ చెరిపినంత మాత్రాన నడుస్తున్న ప్రాసెస్ ఆగదు. నడుస్తున్న ప్రాసెస్‌ల వివరాలు చూపే ప్రాక్‌లో (/proc) ఆ ప్రాసెస్ నంబరు కింద, దాని ప్రోగ్రామ్ ఫైల్‌ను చూపే ఎగ్జ్‌ఈ (exe) లింకు చూడండి. పాత దారి పక్కనే బ్రాకెట్లలో 'డిలీటెడ్' అని కనిపిస్తుంది. ఏజెంట్ మెమరీలో పనిచేస్తూనే ఉంది. డెబియన్, ఉబుంటులలో ప్యాకేజీలను ఎక్కించే, తీసే డీపీకేజీ (dpkg) లెక్కలో ఆ ప్యాకేజీ కూడా ఇంకా ఉన్నట్టే. రిమూవ్ అనగానే డీపీకేజీ ముందు, ప్యాకేజీని తీసేముందు చేయాల్సిన పనులుండే ప్రీఆర్‌ఎం (prerm) స్క్రిప్ట్‌ను నడుపుతుంది. సర్వీస్ ఆపడానికి ఆ స్క్రిప్ట్ ఆప్ట్‌లోని ప్రోగ్రామ్‌నే పిలిస్తే, మీరు చెరిపింది దాన్నే. స్క్రిప్ట్ ఎర్రర్ ఇస్తుంది, డీపీకేజీ అక్కడే ఆగిపోతుంది.

దయచేసి ప్రీఆర్‌ఎం ఫైల్‌ను ఖాళీ చేసి గట్టెక్కాలని చూడకండి. ఎర్రర్ పోతుంది గానీ, ఆ స్క్రిప్ట్ చేయాల్సిన పని జరగదు. సర్వీస్ ఆగదు, కెర్నెల్ మాడ్యూల్ (లినక్స్ కెర్నెల్‌లోకి ఎక్కిన ఏజెంట్ భాగం) ఉంటే అదీ దిగదు. అదే వెర్షన్ డెబ్ (.deb ప్యాకేజీ) ఫైల్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేయండి, ఆ తర్వాత మామూలుగా తీయండి. ఏజెంట్‌ను ఎవరూ తీసేయకుండా ఆపే ట్యాంపర్ ప్రొటెక్షన్ ఉంటే, ఏజెంట్లను నడిపించే కన్సోల్ నుంచి టోకెన్ కావాలి. ఆఫీసు మెషీన్ అయితే సెక్యూరిటీ టీమ్‌ని అడగనిదే ముట్టుకోవద్దు.

తీసేటప్పుడు నేనెప్పుడూ కాన్ఫిగ్ ఫైళ్లతో సహా తీసేసే పర్జే (purge) వాడతాను. రిమూవ్ చేస్తే కాన్ఫిగ్ ఫైళ్లు మిగిలిపోతాయి. డీపీకేజీకి చిన్న ఎల్ (-l) ఇచ్చి చూస్తే వరుస మొదట్లో 'ఆర్‌సీ' అని ఉంటుంది, అర్థం అదే. పెద్ద ఎల్ (-L) ఇస్తే ప్యాకేజీ పెట్టిన ఫైళ్లన్నీ వస్తాయి. తీయకముందే ఆ జాబితాను ఒక ఫైల్‌లో దాచుకోండి, తర్వాత అడిగినా రాదు. ఆర్‌పీఎం వాళ్లు (ఫెడోరా, రెడ్ హ్యాట్ లాంటివి వాడేవాళ్లు), మీరు మార్చిన కాన్ఫిగ్ ఫైళ్లు 'ఆర్‌పీఎం‌సేవ్' తోకతో మిగిలాయేమో చూసుకోండి.

అభ్యాసం: వర్చువల్ మెషీన్‌లోనే చేయండి. ఉచిత యాంటీవైరస్ క్లామ్ఏవీ (ClamAV) డీమన్, అంటే వెనక నడిచే సర్వీస్, ఎక్కించి, యాంటీవైరస్‌ను పరీక్షించే 68 అక్షరాల ఐకార్ (EICAR) టెస్ట్ ఫైల్‌ను పట్టుకుంటోందో లేదో చూడండి. డీమన్ నడుస్తుండగానే దాని బైనరీని చెరిపి, ప్రాక్‌లోని ఆ లింకు నుంచి కాపీ చేసి వెనక్కి తెండి. తర్వాత రిమూవ్, ఆపైన పర్జ్. ఒక్కో దశలో ఈటీసీలో (/etc), వార్ లిబ్‌లో (/var/lib), వార్ లాగ్‌లో (/var/log) ఏం మిగిలిందో రాసి పంపండి.