కార్తీక సోమవారాలు వస్తున్నాయి, షుగర్ బిళ్ళలు వేసుకునేవాళ్ళు ముందే చూసుకోవాల్సినవి

దీపావళి అయిన మర్నాడే కార్తీకం మొదలైపోతుంది, అప్పుడు డాక్టర్ అపాయింట్‌మెంట్ కోసం పరిగెత్తితే కుదరదు, అందుకే దసరా హడావిడి తగ్గగానే ఇవన్నీ చూసి పెట్టుకోండి. సోమవారాలు పగలంతా ఉపవాసం ఉండి చుక్కలు చూశాక భోంచేసే ఇళ్ళు బెంగళూరులో మన తెలుగువాళ్ళవి చాలానే ఉన్నాయి, ఆ ఇళ్ళల్లో షుగర్ మందులు వాడే మనిషి ఒక్కళ్ళన్నా ఉంటారు, ఆ ఒక్కళ్ళ గురించే నా బెంగంతా. పొద్దున బిళ్ళ మామూలుగా వేసేసుకుంటారు, తిండి మాత్రం రాత్రికి పెట్టుకుంటారు. ప్రమాదం అక్కడే ఉంది.

మనం తినకపోయినా లివర్ తను దాచిపెట్టుకున్న గ్లూకోజ్‌ని కొంచెం కొంచెంగా రక్తంలోకి వదులుతూనే ఉంటుంది, అందుకే ఏ మందూ వాడని ఆరోగ్యవంతులు పగలంతా తినకపోయినా నీరసపడతారే గానీ షుగర్ ప్రమాదంగా పడిపోదు. కానీ గ్లిమెపిరైడ్, గ్లిక్లజైడ్, గ్లిబెన్‌క్లమైడ్, గ్లిపిజైడ్ లాంటి బిళ్ళలున్నాయే, అవి మీరు తిన్నారా లేదా అని చూడవు, పాంక్రియాస్ చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తూనే ఉంటాయి. ఇన్సులిన్ ఇంజెక్షన్ కూడా అంతే, ఒంట్లోకి వెళ్ళాక దాని పని అది చేస్తుంది. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్ళకి, సిటాగ్లిప్టిన్, విల్డాగ్లిప్టిన్, టెనెలిగ్లిప్టిన్ లాంటివి వాడేవాళ్ళకి షుగర్ బాగా పడిపోవడం అరుదు. చిక్కేంటంటే మన దగ్గర ఒక్క బిళ్ళలోనే రెండు మూడు మందులు కలిపి వస్తాయి, ఇంట్లో అడిగితే "నాది మెట్‌ఫార్మినే" అంటారు, తీరా స్ట్రిప్ వెనక చిన్న అక్షరాలు చదివితే గ్లిమెపిరైడ్ కూడా ఉంటుంది. కాబట్టి మొట్టమొదటి పని, అమ్మదో మామయ్యదో మందుల డబ్బా తీసి ప్రతి స్ట్రిప్ వెనక చదవండి, ఫోటో తీసి పెట్టుకోండి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ ఉన్నాయేమో కూడా చూడండి, వాటితో షుగర్ పడిపోయే భయం తక్కువే కానీ అవి మూత్రంలో నీళ్ళు ఎక్కువగా లాగేస్తాయి, తిండి లేనప్పుడు రక్తంలో కీటోన్లు అనే ఆమ్లాలు పెరిగే ప్రమాదమూ ఉంది, నీళ్ళు కూడా ముట్టకుండా ఉపవాసం ఉంటే అది ఇంకా చెడ్డది.

ఆ ఫోటోలతో డాక్టర్ దగ్గరికి వెళ్ళి సూటిగా అడగండి, సోమవారం నాడు పగలు తినను, ఏ మందు ఎప్పుడు ఎంత వేసుకోవాలి అని. పొద్దుటి బిళ్ళని రాత్రి భోజనానికి మారుస్తారో, డోసు తగ్గిస్తారో, అసలు నీకు ఉపవాసమే వద్దంటారో వాళ్ళ ఇష్టం, మనంతట మనం సగం విరిచి వేసుకోవడం మాత్రం వద్దు. ఉపవాసం అంటే డాక్టర్లు కసురుకుంటారేమో అని చాలామంది చెప్పకుండా దాచేస్తారు, అలా అనుకోకండి, రంజాన్ ఉపవాసాలు ఉండే షుగర్ పేషెంట్ల కోసం ఇంటర్నేషనల్ డయాబెటిస్ ఫెడరేషన్ వాళ్ళు పెద్ద గైడ్‌లైన్సే తయారుచేశారు, మన ఉపవాసానికి కూడా ఆ లెక్కలు చాలావరకు పనికొస్తాయి. టైప్ 1 షుగర్ (ఒంట్లో ఇన్సులిన్ దాదాపు తయారవ్వని రకం) ఉన్నవాళ్ళు, గర్భిణులు, కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్ళు, గత మూడు నెలల్లో షుగర్ పడిపోయి ఇంకొకళ్ళు వచ్చి లేపాల్సి వచ్చినవాళ్ళు, షుగర్ పడిపోతున్నా తెలియనివాళ్ళు, వీళ్ళు అసలు ఉండకూడదు, ఇందులో మొహమాటం లేదు. టైప్ 1 వాళ్ళు తినట్లేదు కదా అని ఇన్సులిన్ పూర్తిగా మానేయడం ఇంకో ప్రమాదం.

ఇంకో తప్పు పెద్దవాళ్ళు చేస్తుంటారు, పొద్దున మానేశాను కదా అని రాత్రి రెండు డోసులూ కలిపి వేసేసుకుంటారు. అలా చేస్తే అర్ధరాత్రి నిద్రలో షుగర్ పడిపోతుంది. పీడకలలు రావడం, ఒళ్ళంతా చెమటతో దుప్పటి తడిసిపోవడం, పొద్దున లేచేసరికి తలనొప్పి, ఇవి రాత్రి షుగర్ పడిపోయిందనడానికి గుర్తులు కావచ్చు, చలి మొదలైన బెంగళూరు నవంబర్‌లో కారణం లేకుండా చెమట పట్టిందంటే వదిలేయకండి.

ఇక ఈ ఊరి సంగతి. నవంబర్‌లో ఇక్కడ సాయంత్రం 6 లోపే పొద్దు గూకుతుంది, ఇంకో అరగంటకి చుక్కలు. ఇంట్లో ఉన్నవాళ్ళు ఆరున్నరకి దీపం పెట్టుకుని హాయిగా తినేయొచ్చు. కానీ ఆఫీసు వైట్‌ఫీల్డ్‌లో ఉండి ఇల్లు ఎలక్ట్రానిక్ సిటీ వైపు ఉందనుకోండి, అవుటర్ రింగ్ రోడ్డు మీద మారతహళ్ళి దాటి సిల్క్ బోర్డ్ దాటి ఇంటికి చేరేసరికి ఎనిమిదిన్నరో తొమ్మిదో, అంటే చుక్కలకి అయిపోవాల్సిన ఉపవాసం ఇంకో రెండు రెండున్నర గంటలు సాగుతుంది, ఆ గంటలు మీరు బండి మీదో కారులోనో ఉంటారు. దానికి తోడు ఆ రోజుల్లో తరచూ మబ్బు పడుతుంది, చుక్కలు కనబడవు, కనబడేదాకా ఆగుతామని బాల్కనీలో నిలబడే పెద్దవాళ్ళు ఉంటారు. పంచాంగంలో సూర్యాస్తమయం చూసుకుని, ఫలానా టైముకి తినేయాలి అని పొద్దునే అనేసుకోండి. ఆఫీసులో ఉంటే అక్కడే దండం పెట్టుకుని బాక్స్ తెరిచి తినేసి బయల్దేరండి, లేదా ఆ సోమవారాలు ఇంటి నుంచి పని అడగండి.

సొంతంగా నడుపుతుంటే మాత్రం బయల్దేరే ముందు షుగర్ మీటర్‌తో చూసుకోండి, 90 కన్నా పైన ఉంటేనే స్టీరింగ్ పట్టుకోవాలి. 70 లోపు ఉంటే నడపకూడదు, గ్లూకోజ్ తీసుకుని షుగర్ మామూలుకి వచ్చాక కూడా ముప్పావుగంట ఆగాలి, ఎందుకంటే అంకె పెరిగినంత తొందరగా మెదడు తేరుకోదు. దారిలో అనుమానం వస్తే ఫ్లైఓవర్ దిగగానే పక్కకి ఆపేసి బండి ఆఫ్ చేయండి, ఇల్లు దగ్గరే కదా అనుకోవద్దు. వేలు గుచ్చి రక్తం చూసుకుంటే ఉపవాసం చెడదు, అది కూడా కొందరికి అనుమానం ఉంది కాబట్టి చెప్తున్నా.

ముందు రోజు రాత్రి తిండి గురించి కొంచెం వివరంగా చెప్తాను. ఆదివారం రాత్రి ఎలాగూ రేపు తినం కదా అని బిర్యానీయో, తెల్ల అన్నమో స్వీటో దిట్టంగా లాగిస్తే షుగర్ తొందరగా పెరిగి తొందరగా దిగిపోతుంది. నిదానంగా అరిగేవి తినండి, రాగి సంకటి గానీ జొన్నరొట్టె గానీ, పక్కన గట్టి పప్పు, కూర, పెరుగు. బెంగళూరులో రాగిపిండికి లోటేం లేదు కదా. సోమవారం తెల్లారుజామున తలస్నానం చేసి ఖాళీ కడుపుతో గుడికి నడిచి వెళ్ళేవాళ్ళు, శివగంగ కొండ ఎక్కుదామని ప్లాన్ వేసుకునేవాళ్ళు, నడక కూడా షుగర్‌ని దించేదే అని గుర్తుపెట్టుకోండి, ఆ ప్రభావం రాత్రి దాకా, ఒక్కోసారి మర్నాటి దాకా ఉంటుంది. ఉపవాసం రోజు వాకింగ్ మానేస్తే ఏం కాదు. ముందు రోజు రాత్రి మద్యం తాగడం కూడా ఇందులోకే వస్తుంది, ఆల్కహాల్ ఉంటే లివర్ కొత్తగా గ్లూకోజ్ సరిగ్గా తయారుచేయలేకపోతుంది, షుగర్ గంటల తర్వాత పడిపోతుంది.

అసలు నా అభిప్రాయం అడిగితే మందులు వాడేవాళ్ళు పూర్తి ఉపవాసం వదిలేసి ఫలహారం మీద ఉండటమే మంచిది. మన పెద్దలు చెప్పిందే ఉంది కదా, నీళ్ళు, దుంపలు, పళ్ళు, పాలు, మందు, ఇవేవీ వ్రతాన్ని చెడగొట్టవని. చిలగడదుంప ఉడకబెట్టుకోండి, మజ్జిగ తాగండి, మూడు గంటలకోసారి ఒక జామకాయో, ఓ గుప్పెడు వేరుశనక్కాయలో, ఒక గ్లాసు పాలో తీసుకోండి. సగ్గుబియ్యం ఉప్మా చాలామంది ఉపవాసం తిండి అనుకుంటారు గానీ అదంతా ఉత్త పిండి, తింటే వేరుశనగలు బాగా వేసుకుని కొంచెమే తినండి. రాత్రి ఉపవాసం విడిచేటప్పుడు కూడా పాయసంతో, బూరెలతో మొదలుపెట్టకుండా, ముందు కాస్త పండు పాలు తీసుకుని, బిళ్ళ వేసుకునేది ఉంటే డాక్టర్ చెప్పిన టైముకి వేసుకుని, ఆ తర్వాత అన్నం పప్పు కూరతో మామూలుగా తినండి.

ఇన్ని చేసినా షుగర్ పడిపోవచ్చు, దానికి సిద్ధంగా ఉండాలి. చేతులు వణకడం, చెమటలు, గుండె దడ, ఒక్కసారిగా ఆకలి, ఊరికే చిరాకు, కళ్ళు మసకబారడం, మాట తడబడటం, వీటిలో ఏది కనిపించినా చూసుకోండి, 70 లోపు ఉంటే ఆ క్షణమే ఉపవాసం అయిపోయినట్టే, మీటర్ చేతిలో లేకపోతే పడిపోయిందనే అనుకుని గ్లూకోజ్ తీసుకోండి. 300 దాటినా విడిచేయాల్సిందే. బీపీకో గుండెకో అటెనొలాల్, మెటొప్రొలాల్ లాంటివి వాడేవాళ్ళకి వణుకూ దడా సరిగ్గా తెలియవు, చెమట మాత్రం తెలుస్తుంది. పదిహేనేళ్ళుగా ఇరవయ్యేళ్ళుగా షుగర్ ఉన్నవాళ్ళకి ఒక్కోసారి ఏదీ తెలియదు, పక్కనున్నవాళ్ళే గమనించాలి, ఎప్పుడూ శాంతంగా ఉండే మామయ్య ఉన్నట్టుండి కోప్పడుతున్నా, అడిగిందానికి పొంతన లేకుండా మాట్లాడుతున్నా ముందు షుగర్ చూడండి.

అప్పుడు ఇవ్వాల్సింది 15 గ్రాముల గ్లూకోజ్, అంటే గ్లూకోజ్ పౌడర్ మూడు నాలుగు టీస్పూన్లు నీళ్ళలో కలిపి, లేదా అంతే చక్కెర, లేదా అర గ్లాసు పళ్ళరసమో మామూలు కూల్ డ్రింకో. డైట్, జీరో అని రాసి ఉన్నవి పనిచేయవు. పదిహేను నిమిషాలు ఆగి మళ్ళీ చూడాలి, 70 దాటకపోతే మళ్ళీ అంతే ఇవ్వాలి, దాటాక రెండు ఇడ్లీలో పెరుగన్నమో తినిపించాలి, లేకపోతే మళ్ళీ పడిపోతుంది. వోగ్లిబోస్ గానీ అకార్బోస్ గానీ వాడుతున్నవాళ్ళకి చక్కెర, బెల్లం, కూల్ డ్రింక్ త్వరగా పనిచేయవు, ఆ మందు చక్కెరని పేగుల్లో విడగొట్టనివ్వదు, వాళ్ళ దగ్గర అచ్చంగా గ్లూకోజే ఉండాలి, మందుల షాపుల్లో దొరుకుతుంది. చాక్లెట్, నెయ్యి వేసిన చక్కెర పొంగలి ప్రసాదం, వీటిలో కొవ్వు ఉంటుంది కాబట్టి లేటవుతుంది. కొబ్బరినీళ్ళలో చక్కెర తక్కువ, దాన్నీ నమ్ముకోవద్దు. ఆఖరి కార్తీక సోమవారం బసవనగుడిలో కడలెకాయి పరిషె, అంటే వేరుశనక్కాయల జాతర, జరుగుతుంది కదా, ఆ జనంలో కళ్ళు తిరిగితే చేతిలో వేరుశనక్కాయలే ఉంటాయి, అవి మామూలు రోజు ఆకలికి మంచి తిండే కానీ షుగర్ పడిపోయినప్పుడు కావు. అలాంటి చోటికి వెళ్తే జేబులో గ్లూకోజ్ పొట్లం ఉండాల్సిందే.

ఊరి నుంచి వచ్చి పిల్లల ఫ్లాట్‌లో పగలంతా ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళ గురించి ఇంకొంచెం. మీరు ఆఫీసుకి వెళ్ళేముందు డైనింగ్ టేబుల్ మీద మీటర్, గ్లూకోజ్ డబ్బా, నీళ్ళు కలిపి పెట్టండి, పక్క ఫ్లాట్ వాళ్ళకి ఈరోజు ఉపవాసం అని ఒక మాట చెప్పండి, పదకొండుకి, రెండింటికి, నాలుగింటికి ఫోన్ చేయండి. "ఎలా ఉన్నారు అత్తయ్యా" అంటే "బానే ఉన్నానమ్మా" అనే వస్తుంది, అది కాదు, "మీటర్‌లో ఎంత వచ్చింది అత్తయ్యా, చదివి చెప్పండి" అని అడగండి. ఫోన్ ఎత్తకపోతే సెక్యూరిటీకి చెప్పి వెంటనే పైకి పంపించండి, పూజలో ఉన్నారేమోలే అని అరగంట ఆగొద్దు.

స్పృహ లేకపోతే నోట్లో ఏదీ పోయకూడదు, చక్కెర నీళ్ళు కూడా, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకి తిప్పి పడుకోబెట్టి 108 కి ఫోన్ చేయండి, షుగర్ పేషెంట్, ఉపవాసంలో ఉన్నారు, ఈ బిళ్ళ వాడతారు అని చెప్పండి. గ్లిమెపిరైడ్ లాంటివాటితో పడిపోతే తేరుకున్నా అయిపోయినట్టు కాదు, ఆ మందు ఒంట్లో ఉన్నంతసేపూ మళ్ళీ మళ్ళీ పడిపోతుంటుంది, కిడ్నీ సరిగ్గా లేనివాళ్ళకి ఇంకా ఎక్కువసేపు, కాబట్టి హాస్పిటల్‌లో ఒక రోజు ఉంచుతామంటే ఇంటికి తీసుకెళ్ళిపోతామని పట్టుబట్టకండి.

మొదటి సోమవారం 70 లోపుకి ఒక్కసారి వచ్చినా, టైము, అంకె, అప్పటికి ఏం తిన్నారో ఏ మందు వేసుకున్నారో కాగితం మీద రాసి రెండో సోమవారం రాకముందే డాక్టర్‌కి చూపించండి.