నట్టల స్రావం, గొర్రె రోగనిరోధకత – 3వ పాఠం: స్రావం పట్టడం

ఎలుక పేగులో బతికే నట్ట హెలిగ్మోసోమాయిడెస్ పాలిగైరస్ సంగతి 2వ పాఠంలో చూశాం. అది వదిలే టీజీఎం ప్రోటీన్‌కు, రోగనిరోధకతను అణిచే ఒంటి సంకేత ప్రోటీన్ టీజీఎఫ్-బీటాతో అమైనో ఆమ్లాల వరుసలో పోలికే లేదు. అయినా టీజీఎఫ్-బీటా అతుక్కునే గ్రాహకాలకే (కణం మీది సంకేతం అందుకునే ప్రోటీన్లకే) అతుక్కుని, టి-కణాలనే తెల్ల రక్తకణాలను రోగనిరోధకతను అణిచే కణాలుగా మార్చేస్తుంది. ఇప్పుడు మన గొర్రెల నాలుగో పొట్టలో రక్తం తాగి బతికే నట్ట హీమాంకస్ స్రావాన్ని, అంటే అది బయటికి వదిలే ప్రోటీన్లను, చేతులతో పడదాం.

అనంతపురం, కడప వైపు సెప్టెంబరు, అక్టోబరు వానల తర్వాత, గొర్రెలు కోసే చోట ఈ పురుగు కోసం వెతకడం మేలు. నట్టల మందు ఎప్పుడు పట్టించారో ముందే అడగండి. ఈమధ్యే పట్టించి ఉంటే ఆ గొర్రె వద్దు. బోటి కడగకముందే నాలుగో పొట్టను రెండు కొసలా దారంతో కట్టి, 37 డిగ్రీల సెలైన్ (ఉప్పు ద్రావణం) ఉన్న ఫ్లాస్కులో తీసుకురావాలి. ఐసులో పెట్టకండి, మనకు కావలసింది బతికి స్రవించే పురుగు. ఆడది రెండు మూడు సెంటీమీటర్లుంటుంది, ఎర్ర పోగూ తెల్ల పోగూ కలిపి పేనినట్టు. ఎర్రది తాగిన రక్తం, తెల్లది అండాశయం.

పురుగులను పటకారుతో మెల్లగా ఏరి, వెచ్చటి పీబీఎస్‌లో (ఫాస్ఫేట్ కలిపిన ఉప్పు ద్రావణంలో) ఆరేడుసార్లు కడగండి. చివరి రెండు కడుగుల్లో, ఆ తర్వాత మీడియంలోనూ (పురుగులను ఉంచే పోషక ద్రవంలోనూ) మిల్లీలీటరుకు పెన్సిలిన్ 100 యూనిట్లు, స్ట్రెప్టోమైసిన్ 100 మైక్రోగ్రాములు కలపాలి. సీరం లేని ఆర్‌పీఎంఐ 1640 అనే మీడియంలో మిల్లీలీటరుకు 50 పురుగుల లెక్కన వేసి, 37 డిగ్రీల దగ్గర, 5 శాతం కార్బన్ డయాక్సైడ్‌లో ఉంచండి. మొదటి 4 గంటల మీడియం పారబోయండి. అందులో ఉండేది ఎక్కువగా పురుగు కక్కిన గొర్రె రక్తమే. అది వదలకపోతే గొర్రె ఆల్బుమిన్‌నే నట్ట ప్రోటీన్ అనుకుంటాం. తర్వాతి 20 గంటలదే అసలు సరుకు. మధ్యలో చచ్చిన పురుగు కనిపిస్తే వెంటనే తీసెయ్యండి, కుళ్లితే లోపలి ప్రోటీన్లూ కలిసిపోతాయి. సెంట్రిఫ్యూజ్ చేసి, 0.22 మైక్రాన్ ఫిల్టరు పట్టి, మీడియం మార్చి పీబీఎస్‌లోకి తెచ్చాకే బీసీఏ అనే రంగు పరీక్షతో ప్రోటీన్ కొలవాలి. ఆర్‌పీఎంఐలోని ఎర్ర రంగు కొలతను తప్పుదారి పట్టిస్తుంది. చిన్న గొట్టాల్లో పంచి మైనస్ 80లో పెట్టండి. కరిగించింది మళ్లీ గడ్డ కట్టించొద్దు.

ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. 0.22 ఫిల్టరు బ్యాక్టీరియాను ఆపుతుంది గానీ అవి విడిచిన ఎండోటాక్సిన్‌ను (వాటి పైపొరలోని విషపదార్థాన్ని) ఆపదు. నాలుగో పొట్టలో బ్యాక్టీరియాకు కరువేముంది? ఎండోటాక్సిన్ ముందు కణాలను రెచ్చగొడుతుంది. దానికి ఒకసారి అలవాటుపడ్డ మోనోసైట్లు (ఒక రకం తెల్ల రక్తకణాలు) రెండోసారి మందకొడిగా స్పందిస్తాయి. ఆ మందకొడితనాన్ని నట్ట మహిమగా రాసుకుంటే పని మొత్తం దండగ. అందుకే ఎండోటాక్సిన్‌ను పట్టించే ఎల్‌ఏఎల్ పరీక్ష తప్పనిసరి. కణాలు పెంచే పళ్లెంలోని కొన్ని గుంటల్లో, ఎండోటాక్సిన్‌ను అంటుకుని పనిచేయనివ్వని పాలిమిక్సిన్-బి మిల్లీలీటరుకు 10 మైక్రోగ్రాములు కలిపి పోల్చండి. మరిగించిన స్రావాన్నీ ఒక వరుసలో పెట్టండి: మరిగిస్తే ప్రోటీన్లు చెడతాయి, ఎండోటాక్సిన్ తట్టుకుంటుంది. అయితే మరిగించినా ప్రభావం పోలేదంటే అది ఎండోటాక్సినే కానక్కరలేదు, వేడిని తట్టుకునే చక్కెర గొలుసు కూడా కావచ్చు. పాలిమిక్సిన్ వరుస పక్కన ఉంటేనే ఆ తేడా తెలుస్తుంది.

4వ పాఠంలో ఈ స్రావాన్ని 5, 10, 20, 40 మైక్రోగ్రాముల మోతాదుల్లో గొర్రె తెల్ల రక్తకణాల మీద వేస్తాం. అప్పటికి చచ్చిన కణాలకే పట్టే నీలి రంగు ట్రైపాన్ బ్లూ సిద్ధంగా ఉంచుకోండి: కణాలు అణిగాయో చచ్చాయో ముందు అదే తేల్చాలి.