బాపిరాజు గారి నవలను నలుగురూ కలిసి చదవాలంటే

అడివి బాపిరాజు గారి చారిత్రక నవలలు కొత్తగా మొదలుపెట్టేవాళ్ల కోసం, ముఖ్యంగా ఇంట్లో పిల్లలతో కలిసి చదవాలనుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నేనుండేది చంద్రగిరిలో. ఉద్యోగం తిరుపతిలో ఒక ఆఫీసులో, లెక్కలు చూస్తాను. నెలకోసారి, ఆదివారం సాయంత్రం ఎండ తగ్గాక మా మిద్దెమీద చాపలు పరుచుకుని కూర్చుంటాం. మా మేనకోడలు, ఎదురింటి రిటైర్డ్ తెలుగు సారు, ఆఫీసులో నాతో పనిచేసే ఇద్దరు వస్తారు. బాపిరాజు గారిని ఆయన అభిమానులు బాపిబావ అని పిలుచుకునేవాళ్లు. మా చాపమీద కూడా ఆయన బాపిబావే.

మొదట ఏ పుస్తకం పట్టుకోవాలని అందరూ అడుగుతారు. నా మాటకి తిరుగు లేదు, ‘గోన గన్నారెడ్డి’తోనే మొదలుపెట్టండి. కాకతీయ రుద్రమదేవి కాలం కథ. ఆదవోని (ఇప్పటి ఆదోని) కోటలో పెళ్లి జరగబోతుంటే గజదొంగగా పేరుమోసిన గన్నారెడ్డి వచ్చి పెళ్లికొడుకునే ఎత్తుకుపోతాడు. పెళ్లికూతురు అన్నాంబిక ఏడుస్తూ ఇంట్లో కూర్చోకుండా రుద్రమదేవి దగ్గరికి వెళ్తుంది. ఇంత చెప్తే చాలు, పదో తరగతి పిల్లలు కూడా పుస్తకం లాక్కుంటారు. తర్వాతి కథ ముందే చెప్పకండి. ముందుమాట కూడా చివరికే ఉంచండి.

మొదటి అధ్యాయం ఒకరు పైకి చదవాలి, మిగతావాళ్లు వినాలి. వాక్యం ఎక్కడ విరవాలో తెలిసినవాళ్లు చదివితే మేలు. మా సారు చదివితే గుర్రాల పరుగు దగ్గర గొంతు వేగం అందుకుంటుంది, నగల వర్ణన దగ్గర నెమ్మదిస్తుంది. ఆ పెద్ద సమాసాలకి పిల్లలు భయపడతారని కొందరు వాటిని దాటేయమంటారు. నేను ఒప్పుకోను. బాపిరాజు గారు చిత్రకారుడు. బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోద కుమార చటోపాధ్యాయ గారి దగ్గర బొమ్మలు వేయడం నేర్చుకున్నారు, సినిమాలకి కళాదర్శకత్వం చేశారు. అందుకే ఆయన వర్ణనలో రంగు ఎక్కడుందో, వెలుతురు ఎటునుంచి పడుతుందో ఉంటుంది. ఒక పేరా చదివాక ఆపి, “నీకేం కనిపించింది?” అని అడగండి. ఒకరికి కోటగోడ, ఇంకొకరికి కాగడా వెలుగులో మెరిసే కత్తి. మా మేనకోడలు ఒకసారి మాటేమీ చెప్పకుండా నోట్‌బుక్‌లో బొమ్మ గీసి చూపించింది. గుర్రం కాళ్లు కుదరలేదు కానీ, దానిమీద కూర్చున్న మనిషి వెనక్కి తిరిగి చూసే తీరు అచ్చం పుస్తకంలో ఉన్నట్టే వచ్చింది.

పేర్ల దగ్గర చాలామంది ఇరుక్కుంటారు. రెడ్లు, నాయకులు, మంత్రులు, సామంతులు ఒకరి వెంట ఒకరు వస్తారు. పాత క్యాలెండర్ వెనకవైపు తెల్లగా ఉంటుంది కదా, దానిమీద ఎవరు ఎవరికేమవుతారో రాసుకుంటూ పోండి. పక్కన చిన్న పటం గీసి ఓరుగల్లు, ఆదవోని, రాయచూరు, దేవగిరి, మోటుపల్లి రేవు గుర్తుపెట్టండి. సైన్యాలు ఎటునుంచి ఎటు కదులుతున్నాయో తెలిస్తే యుద్ధం అధ్యాయాలు బాగా అందుతాయి.

అసలు పని ఇక్కడుంది. చదువుతుంటే పిల్లలు పదేపదే అడిగే ప్రశ్న, “అత్తా, ఇది నిజంగా జరిగిందా?” అప్పటికప్పుడు జవాబు చెప్పకండి, సెల్‌ఫోన్ తీసి వెతకనివ్వకండి. ఆ చోట పెన్సిల్‌తో చిన్న సున్నా చుట్టమనండి. నవల పూర్తయ్యేదాకా కథను కథగానే చదవాలి. అయిపోయాక ఒక ఆదివారం మొత్తం ఆ సున్నాలకే కేటాయించండి. నవలాకారుడి మీద గౌరవం ఆ రోజు రెట్టింపవుతుంది. ఏది దొరికింది, ఏది ఆయనే కల్పించారు అన్నది తెలిస్తేనే కదా ఆ చెయ్యి ఎంత గొప్పదో తెలిసేది.

మేం తేల్చుకున్న కొన్ని సున్నాలు చెప్తాను. రుద్రమదేవిని రుద్రదేవుడు అనడం నవల కోసం కల్పించిందే అని మావాళ్లు గట్టిగా అనుకున్నారు. కాదు, శాసనాల్లోనే ఆమె పేరు రుద్రదేవ మహారాజు. ఆమె చనిపోయిన సంగతి నల్గొండ జిల్లా చందుపట్ల శాసనం చెప్తుంది, సంవత్సరం 1289. సేనాని మల్లికార్జున నాయకుడు కూడా ఆమెతోపాటే పోయాడు. ఈ శాసనం ఉన్నట్టుండి చెప్తే మామూలుగా విని ఊరుకుంటారు. నవలంతా ఆమెతో నడిచాక చెప్తే చాపమీద ఎవరూ మాట్లాడరు.

గన్నారెడ్డి సంగతి ఇంకా బాగుంటుంది. రాయచూరు కోటగోడలో దాదాపు 41 అడుగుల పొడవున్న ఒకే రాయి ఉంది. దానిమీద 1294 నాటి తెలుగు శాసనం. గన్నయ రెడ్డి దగ్గర మంత్రిగా ఉన్న విఠలనాథుడు ఆదవోని మొదలైన కోటలు గెలిచి, రాయచూరు చేరి ఈ గోడ కట్టించాడని అందులో ఉంది. ఆ గన్నయ రెడ్డే మన గోన గన్నారెడ్డి అని చరిత్రకారులు చెప్తారు. అంతపెద్ద రాయిని చక్రాల బండిమీద వేసి, దున్నపోతుల వరసలు కట్టి లాగుతున్న బొమ్మ కూడా ఆ గోడమీదే చెక్కారు. ఇప్పుడు నవల మొదటి అధ్యాయం మళ్లీ తెరవండి. పెళ్లి ఎక్కడ? ఆదవోనిలో. శాసనంలో ఒక్క పేరుగా మిగిలిన కోటలో బాపిరాజు గారు పెళ్లిపందిరి వేశారు, దివిటీలు వెలిగించారు, ఒక ఆడపిల్లకి ధైర్యం ఇచ్చారు. నాకైతే ఆయన మీద అభిమానమంతా ఈ ఒక్కచోటే పోగుపడి ఉంది.

పిల్లలు తప్పకుండా అడిగే ఇంకో ప్రశ్న, అప్పుడు మన ఊరు ఎవరి చేతిలో ఉండేదని. దీనికి సిద్ధంగా ఉండండి. ఆ కాలంలో తిరుపతి ప్రాంతం యాదవరాయల ఏలుబడిలో ఉండేది. మధుర నుంచి దండెత్తి వచ్చిన జటావర్మ సుందర పాండ్యుడు నెల్లూరులో గెలుపుకి గుర్తుగా వీరాభిషేకం చేయించుకున్నాడు, తిరుమల ఆనంద నిలయం మీద బంగారు కలశం పెట్టించాడు. దేవస్థానం వాళ్లు తిరుమల, తిరుపతి శాసనాలను సంపుటాలుగా అచ్చువేశారు. యూనివర్సిటీ లైబ్రరీల్లో అవి చూడొచ్చు. ఎక్కువగా తమిళ శాసనాలే కాబట్టి తమిళం వచ్చినవాళ్లు ఒకరు పక్కనుంటే మంచిది. మా చిత్తూరు వైపు అలాంటివాళ్లకి కొదవ లేదు.

తర్వాత కోటకి తీసుకెళ్లండి. మాకు చంద్రగిరి కోట ఉంది, తిరుపతి నుంచి బస్సులో అరగంట, ముప్పావుగంట. ఇది విజయనగర రాజుల చివరి రోజుల రాజధాని, కాకతీయుల కోట కాదు. ఈ మాట వెళ్లేముందే చెప్పాలి, లేకపోతే పిల్లల బుర్రలో రెండు కాలాలు కలిసిపోతాయి. అయినా కోట కోటే. కొండరాళ్లను ఒకదానిమీద ఒకటి పేర్చిన ఆ గోడ పక్కన నిలబెట్టి, “గన్నారెడ్డి మనుషులు దీన్ని రాత్రిపూట ఎట్లా ఎక్కాలి?” అని అడగండి. ఎత్తు, పట్టు, చీకటి, కావలివాడు అన్నీ వాళ్లే ఆలోచిస్తారు. రాజమహల్‌లో పురావస్తు శాఖ మ్యూజియం ఉంది, శుక్రవారం సెలవు. కొయ్య వాడకుండా రాయి, ఇటుక, సున్నంతోనే కట్టిన మేడ అది. పైకప్పు వైపు తలెత్తి చూడమనండి. నీళ్లసీసా, టోపీ మర్చిపోవద్దు. పదకొండు దాటితే ఆ రాళ్ల మధ్య వేడి భరించలేం.

మిద్దెమీద కూర్చున్నప్పుడు వాదన వస్తుంది, రావాలి. దొంగగా బతికినవాణ్ణి వీరుడని ఎట్లా మెచ్చుకుంటామని మా ఆఫీసు స్నేహితురాలు అడిగింది. సారు, “పుస్తకంలో వాక్యం చూపించి మాట్లాడమ్మా” అన్నారు. అప్పటినుంచి అదే మా పద్ధతి. మాటకు ముందు పేజీ చూపించాలి. అందువల్ల గొంతు పెంచేవాళ్లకంటే శ్రద్ధగా చదివినవాళ్లకే ఎక్కువసేపు మాట్లాడే వీలు దొరుకుతుంది, చిన్నవాళ్లు కూడా ధైర్యంగా నోరు విప్పుతారు.

అభిమానం రాసి పెట్టుకోవడం కూడా అలవాటు చేయండి. నవల అయ్యాక ఒక్కొక్కరు ఒక పేజీ. “చాలా బాగుంది, అద్భుతం” అనే మాటలు ఆ పేజీలో వద్దని ముందే చెప్పండి. నచ్చిన ఒకే ఒక్క సంఘటన తీసుకుని, అందులో రచయిత ముందు ఏం చూపించారు, తర్వాత ఏం దాచారు అన్నది రాయాలి. పన్నెండేళ్ల పిల్ల కూడా ఇది రాయగలదు.

రెండో నవలగా ‘హిమబిందు’ తీసుకోండి, తొందరపడి దాన్ని ముందు పెట్టకండి. అది శాతవాహనుల కాలం, నడక నిదానం. నాయకుడు సువర్ణశ్రీ శిల్పి, ఒక విషకన్య కథ కూడా అందులో కలిసి నడుస్తుంది. శిల్పం మీద కాస్త ఆసక్తి పుట్టాక చదివితే వదలబుద్ధి కాదు. మాకు చెన్నై దగ్గరే కాబట్టి ఎగ్మోరు మ్యూజియంలో అమరావతి శిల్పాలు చూడటం తేలిక. తెల్లవారుజామున రైలెక్కితే రాత్రికి ఇంటికి రావచ్చు. నవల సగంలో ఉన్నప్పుడు వెళ్లిరండి. ఆ సున్నపురాతి పలకల మీద ఆడవాళ్ల నగలు, జడలు, ఏనుగులు, జనం గుంపులు దగ్గరగా చూసి వచ్చినవాళ్లకి మిగతా సగం వేరేగా కనిపిస్తుంది.

‘నారాయణరావు’ సాంఘిక నవల, 1934లో ఆంధ్ర విశ్వకళా పరిషత్తు (ఆంధ్ర యూనివర్సిటీ) బహుమతిని విశ్వనాథ సత్యనారాయణ గారి ‘వేయిపడగలు’తో కలిసి పంచుకుంది. దాన్ని మూడోదిగా పెట్టుకోండి. ఒకే పుస్తకాన్ని చేతులు మార్చుకుంటూ చదవడం నెలరోజుల్లో కుదరదు. ఇంటికో ప్రతి ఉండాలి. ఈ నవలలకి కొత్త ముద్రణలు వస్తూనే ఉన్నాయి, పుస్తకాల అంగడిలో లేకపోతే పేరు రాసిచ్చి తెప్పించమనండి. పెన్సిల్ సున్నాలు చుట్టాలి కాబట్టి లైబ్రరీ ప్రతి మాత్రం వాడకండి.