స్క్రీన్‌ప్లే నేర్చుకుందాం – 7వ పాఠం: రహస్యానికి టైమ్‌టేబుల్

గత పాఠంలో మీకో పని ఇచ్చాను. భార్యాభర్తల్లో ఒకరు రెండోవాళ్ల దగ్గర దాచిన విషయం ఒకటి అనుకుని, రెండు పేజీల సీను రాయమన్నాను. రాసుంటే ఆ కాగితాలు తీసి పక్కన పెట్టుకోండి. రాయకపోతే ఈ పాఠం చదివాక రాయండి, ఒక రకంగా అదే మంచిది.

రాసినవాళ్లు చివరి నాలుగు లైన్లు చూసుకోండి. అక్కడ "నిజానికి నేను..." అని మొదలయ్యే డైలాగు ఉందా? ఉంటే కంగారు పడకండి. నా మొదటి స్క్రిప్టులో కూడా ఉంది. 90 పేజీలు రాసి, 88వ పేజీలో భర్త నోటితోనే గుట్టు విప్పించాను. చదివిన మిత్రుడు ఒక్కటే అడిగాడు: "బాగానే ఉంది. మరి ఇన్నాళ్లూ ఆవిడ ఆ ఇంట్లోనే ఉందిగా, ఏమీ చూడలేదా?" నా దగ్గర సమాధానం లేదు. ఆ భర్త ఆ పని ఏ రోజు చేశాడో, ఎన్నింటికి వెళ్లాడో, ఏ దారిన తిరిగొచ్చాడో నాకే తెలియదు. తెలియనిది ఆవిడకి ఎలా చూపిస్తాను?

అందుకే ఈసారి డైలాగు జోలికి పోవద్దు. రహస్యానికి ముందు టైమ్‌టేబుల్ వేయడం నేర్చుకుందాం. దీనికి 1944లో వచ్చిన "గ్యాస్‌లైట్" కంటే మంచి పాఠ్యపుస్తకం నాకు దొరకలేదు. ప్యాట్రిక్ హామిల్టన్ 1938లో రాసిన నాటకం దీనికి మూలం. 1940లో బ్రిటన్‌లో ఒకసారి సినిమాగా తీశారు. మనం తీసుకునేది హాలీవుడ్ స్టూడియో ఎమ్‌జీఎమ్ కోసం జార్జ్ క్యూకర్ తీసినది. నిడివి రెండు గంటలకి ఆరు నిమిషాలు తక్కువ. భార్య పాలాగా ఇంగ్రిడ్ బెర్గ్‌మన్, భర్త గ్రెగరీగా చార్ల్స్ బోయర్. బెర్గ్‌మన్‌కి మొదటిసారి ఉత్తమ నటి ఆస్కార్ వచ్చింది ఈ సినిమాకే. కథంతా చెప్పేస్తాను కాబట్టి, చూడనివాళ్లు వీలైతే ముందు చూసి రండి. చూడకపోయినా పాఠం అర్థమవుతుంది.

కథ విక్టోరియా రాణి కాలం నాటి లండన్‌లో. పాలా పిన్నతల్లి ఆలిస్ పేరున్న గాయని. థార్న్‌టన్ స్క్వేర్‌లో తొమ్మిదో నంబరు ఇంట్లో ఆమె హత్య జరిగింది. చంపినవాడు దొరకలేదు. పాలాని సంగీతం నేర్చుకోమని ఇటలీ పంపించారు. కొన్నేళ్ల తర్వాత అక్కడ పియానో వాయించే గ్రెగరీతో పరిచయం, రెండు వారాల్లో పెళ్లి. లండన్‌లో ఒక స్క్వేర్‌లో ఇల్లుండాలని తనకి ఎప్పటినుంచో కల అంటాడాయన. ఆ ఇల్లు భార్య పేరు మీద ఉండనే ఉంది. పిన్ని వస్తువులు చూస్తే నీకు బాధ అని చెప్పి, సామానంతా అటక మీదకి ఎక్కించి, తలుపుకి చెక్కలు కొట్టించేస్తాడు. ఎంత ప్రేమ!

ఆ తర్వాత ప్రతి రాత్రీ ఒకటే వరస. సంగీతం రాసుకోవడానికి వేరే గది అద్దెకి తీసుకున్నానని చెప్పి ఆయన బయటికి వెళ్తాడు. కాసేపటికి పాలా గదిలో గ్యాస్ దీపం దానంతటదే సన్నబడుతుంది. పైన ఎవరో నడుస్తున్న చప్పుడు. చాలాసేపటికి దీపం మళ్లీ పెద్దదవుతుంది. మరికొంతసేపటికి వీధి తలుపు తీసుకుని ఆయన వస్తాడు. వంటావిడని అడిగితే దీపం ఎవరూ ముట్టుకోలేదంటుంది. భర్తతో అంటే జాలిగా చూస్తాడు.

ఇప్పుడు నోటుబుక్కు తీసి, పేజీ మధ్యలో నిలువుగా గీత గీయండి. ఎడమవైపు "వాడు చేసింది", కుడివైపు "ఇంట్లో కనిపించింది". నాతోపాటు నింపండి.

ఎడమవైపు: గ్రెగరీ ముందు తలుపు నుంచి వెళ్లాడు. చుట్టూ తిరిగి వెనక సందులోకి వచ్చాడు. అదే వరసలో ఖాళీగా ఉన్న ఇంట్లోకి దూరి, కప్పుల మీదుగా తన ఇంటి అటకలోకే దిగాడు. చీకట్లో వెతకలేడు కాబట్టి అక్కడి గ్యాస్ దీపం వెలిగించాడు. పిన్ని నగల కోసం సామానంతా గాలించాడు. ఆమెని చంపింది వాడే. ఆ రాత్రి నగలు దొరక్కే ఇన్నేళ్లకి పాలాని వెతికి పెళ్లాడాడు. పని ఆపేటప్పుడు దీపం ఆర్పి, వచ్చిన దారినే వెళ్లి, ముందు తలుపు నుంచి లోపలికొచ్చాడు.

కుడివైపు: దీపం తగ్గింది. చప్పుడు. దీపం పెరిగింది. భర్త వచ్చాడు.

ఎడమ పక్కన ఉన్న ఒక్క పని, "అటకలో దీపం వెలిగించాడు" అన్నదే, కుడి పక్కకి గొట్టంలోంచి జారి వచ్చింది. ఆ రోజుల్లో ఇళ్లకి గ్యాస్ గొట్టాల్లో వచ్చేది, గోడ దీపాలు దానితోనే వెలిగేవి. ఒకే గొట్టం మీద ఇంకో దీపం వెలిగిస్తే మిగతావాటికి ఒత్తిడి తగ్గి మంట చిన్నదవుతుంది. గ్రెగరీకి భార్యని భయపెట్టాలనే ఉంది గానీ, ఈ దీపం సంగతి మాత్రం వాడు కావాలని చేసింది కాదు. వాడి టైమ్‌టేబుల్ వాడికి తెలియకుండానే గోడ మీద కనిపిస్తోంది. రచయితగా మీరు వెతుక్కోవలసింది ఇలాంటి కారడాన్నే.

మా చిన్నప్పుడు ఊళ్లో ఒక రైస్ మిల్లు ఉండేది. సాయంత్రం మిల్లు మోటారు వేయగానే మా వసారాలో బల్బు ఎర్రగా అయిపోయేది. మా నాయనమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతూ, తలెత్తకుండానే "మిల్లేశారు" అనేది. కరెంటు సంగతి ఆమెకి ఏమీ తెలియదు. బల్బుకీ మిల్లుకీ ముడి ఉందని మాత్రం తెలుసు, ఆ మాట పైకి అంటే ఇంట్లో అందరూ ఊ కొడతారు. పాలాకి లేనిది ఆ ఊ కొట్టేవాళ్లే. ఇరుగుపొరుగుతో మాట్లాడనివ్వడు, ఎవరైనా వస్తే ఒంట్లో బాలేదని పంపించేస్తాడు. వంటావిడకి చెవులు సరిగ్గా వినపడవు. కొత్త పనిపిల్ల నాన్సీ పొగరుబోతు, అమ్మగారంటే లెక్కలేదు. (నాన్సీగా వేసిన ఆంజెలా లాన్స్‌బరీకి అదే మొదటి సినిమా. దానికే ఆస్కార్ నామినేషన్ వచ్చింది.) చూడండి, వంటావిడ చెవుడు కూడా ఊరికే పెట్టింది కాదు. పైన చప్పుడవుతుంటే ఇంట్లో ఇంకెవరికీ ఎందుకు వినపడలేదని ప్రేక్షకుడు అడగకముందే ఆ కన్నం పూడ్చేశారు.

అందుకే ఈ సినిమాలో నాకు అన్నిటికంటే ఇష్టమైన క్షణంలో అరుపులు, కత్తులు ఏమీ ఉండవు. స్కాట్లండ్ యార్డ్, అంటే లండన్ పోలీసుల నుంచి వచ్చిన కామెరాన్ ఆ గదిలో ఉండగా దీపం తగ్గుతుంది. అతను అది చూశానంటాడు. అంతే. పాలా మొహం చూడండి. ఇన్నాళ్లకి "మిల్లేశారు" అన్నవాడు ఒకడు దొరికాడు.

ఈ సినిమా పేరులోంచి పుట్టిన "గ్యాస్‌లైటింగ్" అన్న మాటని 2022లో మెరియం వెబ్‌స్టర్ నిఘంటువు ఆ ఏటి పదంగా ఎంచుకుంది. ఇప్పుడు మొగుడు సినిమాకి వస్తానని రాకపోయినా గ్యాస్‌లైటింగే అంటున్నారు. అబద్ధం వేరు, ఇది వేరు. నీ కళ్లని నువ్వే నమ్మకుండా చేయడం ఇది. స్క్రిప్టు రాసేవాళ్లకి ఈ తేడా తెలియకపోతే సీను చప్పబడుతుంది.

తేడా ఎలా ఉంటుందో గోడ మీది పటం సీనులో తెలుస్తుంది. ఒక పటం మాయమైంది. పాలాయే తీసిందని గ్రెగరీ. నేను తీయలేదని ఆమె. అయితే వెతుకు అంటాడు. ఆమె మెట్ల దగ్గర బొమ్మ వెనక నుంచి దాన్ని తెస్తుంది. ఎక్కడుందో నీకు తెలుసన్నమాట, అంటాడు. ఇంతకుముందు రెండుసార్లు అక్కడే దొరికింది కాబట్టి చూశాను, అంటుంది. ఆమె చెప్పింది నిజం. కానీ ఆ మాట ఆమె చెవికే దొంగ మాటలా వినపడుతుంది. పటం దాచింది వాడైనా, దాన్ని తెచ్చిన చెయ్యి ఆమెది. మీ సీనులో కూడా అమాయకంగా చేసిన పనే ఆ మనిషి మీదకి తిరగాలి. బ్రోచ్ (బట్టలకి పెట్టుకునే పిన్ను నగ) పోవడం, సంగీత కచేరీలో వాచీ ఆమె సంచిలో దొరకడం కూడా ఇదే పద్ధతి, వాటిని మీరే విడదీసి రాసుకోండి.

ఇంకొక్కటి గమనించండి. గ్రెగరీ మీద మనకి అనుమానం చాలా ముందే వచ్చేస్తుంది. పాత స్వరాల పుస్తకంలో దొరికిన ఒక ఉత్తరాన్ని పాలా చేతిలోంచి వాడు లాక్కున్నప్పుడే సగం అర్థమవుతుంది. ఎవరు అన్నది దాచడానికి సినిమా పెద్దగా ప్రయత్నించదు. అయినా టెన్షన్ తగ్గదు, ఎందుకంటే మనకి తెలిసింది ఆమెకి తెలియదు. చివరి నిమిషం ట్విస్టు కోసం అంతా దాచేసే స్క్రిప్టులు చాలా చదివాను. ట్విస్టు ఒక్క నిమిషం పనిచేస్తుంది. మిగతా గంటన్నర ప్రేక్షకుడు ఏం చేయాలి?

సరే, ఇప్పుడు మన ఇంట్లో ప్రయత్నిద్దాం. హైదరాబాద్‌లో ఒక అపార్ట్‌మెంట్. మురళి, రాధ. రహస్యం: మురళి ఉద్యోగం పోయి నెల దాటింది, ఇంట్లో చెప్పలేదు.

ఎడమ పక్క: ఉదయం 8:40కి బ్యాగు, క్యారేజీతో బయల్దేరతాడు. పార్కులో చెట్టు కింద బెంచీ మీద కూర్చుంటాడు. ఒంటిగంటకి తింటాడు. ఎండలో బ్యాగులో పెడితే గిన్నె వాసనొస్తుందని అక్కడి కుళాయి దగ్గర కడుగుతాడు. సాయంత్రం 6:30కి ఇల్లు.

కుడి పక్క ఏం కారింది? కడిగిన క్యారేజీ. ఆఫీసుకెళ్లే రోజుల్లో సాంబారు ఎండిపోయి అట్టకట్టి వచ్చేది. ఇప్పుడు శుభ్రంగా వస్తోంది. రాధ మొదట ఏమనుకుంటుంది? "మీ అల్లుడు మారాడమ్మా, గిన్నె కూడా కడిగి తెస్తున్నాడు" అని వాళ్లమ్మకి ఫోన్ చేసి చెబుతుంది. ఇక్కడ కిటుకు ఉంది. ఆధారం మొదటిసారి కనిపించినప్పుడు ప్రేమలా కనిపించాలి, అటక మూయించడం కనిపించినట్టు.

ఇప్పుడు సీను రాస్తాను.

రాధ సింకు దగ్గర మూత తీసింది. రబ్బరు అంచుకి ఏదో అంటుకుని ఉంది. గోటితో తీసింది. వేపపువ్వు.

"ఏమండీ, మీ ఆఫీసు ఆరో అంతస్తులో కదా?"

"ఆఁ. ఏం?"

"క్యారేజీలో వేపపువ్వు ఉంది."

మురళి టీవీ సౌండు తగ్గించలేదు. "క్యాంటీన్‌లో ఉగాది పచ్చడి పెట్టార్లే."

రాధ ఫ్రిజ్ పక్కన వేలాడుతున్న క్యాలెండర్ వైపు చూసింది. "ఉగాది ఇంకా నాలుగు రోజులుంది."

"ముందే చేశారు రాధా. ఉదయం నీకు చెప్పానుగా?"

"చెప్పారా?"

"చెప్పాను. నువ్వు పోపు వేస్తున్నావు. ఈ మధ్య నీకు ఏదీ గుర్తుండట్లేదు."

వేపపువ్వు వరకు వాడు అబద్ధాలకోరు మాత్రమే. చివరి మాటతో గ్రెగరీ అయిపోయాడు. రాధ "చెప్పారా?" అని అడిగినప్పుడే తలుపు కొంచెం తెరుచుకుంది, వాడు అందులోంచి దూరాడు. ఆ ప్రశ్న తీసేసి చదివి చూడండి, సీను పడిపోతుంది.

ఈ వారం పని. గతసారి మీరు రాసిన రెండు పేజీలు మడిచి పక్కన పెట్టండి, దాన్ని సరిదిద్దొద్దు. అదే రహస్యానికి నిలువు గీత గీసి, దాచినవాళ్ల ఒక రోజు మొత్తం గంటగంటకీ ఎడమ పక్క రాయండి. కనీసం 15 పనులు రావాలి. వాటిలో ఇంట్లోకి కారేవి ఎన్నున్నాయో వెతకండి. నాలుగైదు దొరుకుతాయి. ఫోన్ మెసేజీ, చొక్కా మీద మరక కొట్టేయండి, వాటిని ప్రేక్షకుడు మీకంటే ముందే పట్టేస్తాడు. నీళ్లు, కరెంటు, పాల ప్యాకెట్, చెప్పుల దుమ్ము, గ్యాస్ సిలిండర్ ఎన్ని రోజులొచ్చింది – వీటి దగ్గర ఆగండి. ఒక్కటి తీసుకుని, అది మొదటిసారి మంచిగా, రెండోసారి తేడాగా కనిపించేలా రెండు సీన్లు రాయండి. రెండో సీనులో అడిగే మనిషి గొంతు పెంచకూడదు.

ఎనిమిదో పాఠంలో ఊ కొట్టే మనిషిని కథలోకి ఎప్పుడు తేవాలో చూద్దాం. దానికి ఈ సినిమాలోనే ఒక చేతి తొడుగు ఉంది. ఆలిస్ ఒక అభిమానికి ఇచ్చినది. రెండోది ఇంట్లో అద్దాల బీరువాలో ఒంటరిగా ఉంటుంది. మళ్లీ చూసేటప్పుడు అది మొదటిసారి ఎప్పుడు కనిపించిందో టైమ్ రాసి పెట్టుకోండి.