కవచ్ తెర ముందు కూర్చునే కొత్త లోకో పైలట్ పని ఎలా నేర్చుకోవాలి

2023 అక్టోబరు 29 రాత్రి మన విజయనగరం జిల్లాలో, కంటకాపల్లి, అలమండ స్టేషన్ల మధ్య, ముందు వెళుతున్న విశాఖపట్నం–పలాస ప్యాసింజరును విశాఖపట్నం–రాయగడ ప్యాసింజరు వెనుక నుంచి ఢీకొనడంతో 14 మంది ప్రాణాలు కోల్పోయారు. బండ్లు ఢీకొనకుండా, లోకో పైలట్ (ఇంజను డ్రైవరు) ఆలస్యం చేస్తే తానే బ్రేకు వేసే కవచ్ అనే రక్షణ పరికరాన్ని అప్పటికి ఆ మార్గంలో అమర్చలేదు. అసిస్టెంట్ లోకో పైలట్లుగా ఎంపికై శిక్షణకు వెళుతున్న మన జిల్లాల యువతీయువకులు ఈ పరికరాన్ని ఆ రాత్రిని మనసులో ఉంచుకుని నేర్చుకోవాలని నా కోరిక.

ముందుగా అది ఎలా పనిచేస్తుందో తెలియాలి. పట్టాల మధ్య స్లీపర్లపై బిగించిన, రేడియో తరంగాలతో చదివే గుర్తింపు బిళ్లలైన ఆర్‌ఎఫ్‌ఐడీ ట్యాగులను ఇంజను అడుగున ఉన్న రీడరు చదివి బండి ఎక్కడుందో గుర్తిస్తుంది. ఒక ట్యాగు నుంచి మరొక ట్యాగు వరకు చక్రాల తిరుగుడును బట్టి దూరాన్ని లెక్కించి, తర్వాతి ట్యాగు రాగానే ఆ లెక్కను సరిచేసుకుంటుంది. ముందున్న సిగ్నల్ ఏ రంగులో ఉందో, ఎంత దూరం వెళ్లడానికి అనుమతి ఉందో స్టేషనులోని యంత్రం రేడియో ద్వారా ఇంజనుకు పంపుతుంది. ప్రయాణికుల బండ్లపై దీని తొలి పరీక్షలు 2016 ఫిబ్రవరిలో దక్షిణ మధ్య రైల్వేలో జరిగాయి. 2020లో దీనిని జాతీయ వ్యవస్థగా స్వీకరించారు. 2024 జులైలో 4.0 రూపానికి ఆమోదం లభించింది.

బండి కదలకముందే చేయవలసిన పని ఒకటుంది, కొత్తవారు తొందరలో దాటవేసేది కూడా అదే. బండి రకం, పొడవు, లోడు వంటి వివరాలను తెరపై నమోదు చేసేటప్పుడు, చేతిలోని కాగితాలతో ప్రతి అంకెనూ సరిపోల్చుకోవాలి. ఏ దూరం నుంచి బ్రేకు వేయాలో యంత్రం ఆ వివరాలను బట్టే లెక్కిస్తుంది. రాయగడ వైపు నుంచి బరువుతో వచ్చే గూడ్సు ఆగడానికి పట్టే దూరమూ, తేలికైన ప్యాసింజరు ఆగడానికి పట్టే దూరమూ ఒకటి కావు కనుక, ఇక్కడ అంకె తప్పితే యంత్రం తన లెక్క తాను సరిగ్గానే చేసినా ఆ లెక్క మీ బండికి వర్తించదు. దారిలో ఎక్కడెక్కడ నెమ్మదించాలో తెలిపే కాగితమైన కాషన్ ఆర్డరులోని వేగ పరిమితులను కూడా తెరపై కనిపించే వాటితో పోల్చి చూడండి. తెరపై లేనంత మాత్రాన ఆ పరిమితి రద్దు కాదు.

బయలుదేరిన వెంటనే యంత్రం పూర్తి పర్యవేక్షణలోకి రాదు. తగిన ట్యాగులు చదివి, స్టేషనుతో రేడియో అనుసంధానం కుదిరే వరకు బాధ్యత పూర్తిగా సిబ్బందిదే, తెరపై ఆ స్థితి కనిపిస్తూనే ఉంటుంది. ఇప్పుడు ఏ స్థితిలో ఉన్నామో లోకో పైలట్, అసిస్టెంట్ ఇద్దరూ పైకి చెప్పుకునే అలవాటు మొదటి రోజు నుంచే చేసుకోవాలి.

పరుగులో మీ చూపు ముందు సిగ్నల్ మీద, ఆ తర్వాతే తెర మీద పడాలి. సిగ్నల్ రంగును ఇద్దరూ బిగ్గరగా పలికాకే తెరను చూసి సరిపోల్చుకోండి. రెండూ వేరుగా ఉంటే, ఎక్కువ జాగ్రత్త కోరేదాన్నే పాటించి, విషయాన్ని వెంటనే కంట్రోలుకు (బండ్ల రాకపోకలను చూసే కార్యాలయానికి) తెలియజేయాలి. శీతాకాలపు తెల్లవారుజామున దూసి దగ్గర నాగావళి మీద మంచు కమ్మినప్పుడు తెర ఎంతో ధైర్యాన్నిస్తుంది, కానీ పట్టాల మీద నిలిచిన పశువు గాని, విరిగిన పట్టా గాని ఆ తెరపై కనిపించవు. 2017 జనవరిలో కూనేరు దగ్గర హీరాఖండ్ ఎక్స్‌ప్రెస్ పట్టాలు తప్పినటువంటి ప్రమాదాన్ని ఆపడానికి కవచ్‌ను తయారు చేయలేదు.

బ్రేకు మీ చేతితోనే ముందు పడాలి. మీరు ఆలస్యం చేసినప్పుడు మాత్రమే యంత్రం జోక్యం చేసుకుంటుంది. యంత్రం బ్రేకు వేసిన ప్రతిసారీ, ఎక్కడ ఎందుకు ఆలస్యమైందో ఆ డ్యూటీలోనే ఆలోచించుకోవాలి. ఎదుటి లైనులో ప్రమాదం కనిపిస్తే కవచ్ ద్వారా ఎస్‌ఓఎస్ (అత్యవసర హెచ్చరిక) పంపడానికి సంకోచించకండి, అయితే రేడియో పరిధిలో ఉండి, కవచ్ అమర్చిన బండ్లకే ఆ సందేశం చేరుతుందని గుర్తుంచుకోండి.

ఇంజనులోని మరో పరికరమైన విజిలెన్స్ కంట్రోల్ డివైస్ (సిబ్బంది మెలకువగా ఉన్నారో లేదో కనిపెట్టేది) గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. 60 సెకన్ల పాటు మీరు ఏ మీటనూ కదపకపోతే దీపం వెలుగుతుంది, 8 సెకన్ల తర్వాత శబ్దం వస్తుంది, మరో 8 సెకన్లలో స్పందించకపోతే బ్రేకు పడుతుంది. రాత్రి డ్యూటీలో అలసట పెరిగే కొద్దీ మనసు నిద్రలోకి జారుతున్నా చేయి మాత్రం దీపం వెలగగానే బటన్ నొక్కడం నేర్చుకుంటుంది, అందుకే ఈ అలవాటు అన్నింటికన్నా ప్రమాదకరమని నేను భావిస్తాను. నొక్కిన ప్రతిసారీ ముందున్న సిగ్నల్ పేరు పలకండి. పేరు వెంటనే గుర్తుకు రాకపోతే మీరు మెలకువగా లేరన్న మాటే కనుక, తోటి ఉద్యోగికి ఆ సంగతి దాచకుండా చెప్పాలి. ఇంటి దగ్గర దొరికిన విశ్రాంతిని పెళ్లిళ్లకు, పొలం పనులకు వెచ్చించి డ్యూటీకి వస్తే ఏ పరికరమూ ఆ నిద్రను పూరించలేదు.

బండ్ల కదలికను బట్టి సిగ్నళ్లు వాటంతటవే మారే ఆటోమేటిక్ సెక్షన్‌లో ఎర్ర సిగ్నల్ ఎదురైనప్పుడు పగలు 1 నిమిషం, రాత్రి 2 నిమిషాలు ఆగి, ఆ తర్వాతే అతి జాగ్రత్తగా నెమ్మదిగా కదలాలన్న పాత నియమం కవచ్ ఉన్నా లేకపోయినా కంఠతా రావాలి. విశాఖ కేంద్రంగా దక్షిణ కోస్తా జోన్ ఏర్పాటు, వాల్తేరు డివిజన్ సరిహద్దుల మార్పు నేపథ్యంలో, కొత్త మార్గంలో డ్యూటీ పడినవారు గ్రేడియంట్లను (పట్టాల ఎత్తుపల్లాలను), సిగ్నల్ స్థానాలను స్వయంగా చూసి నేర్చుకోకుండా తెర మీద ఆధారపడి బండి తీసుకోకూడదు.

కవచ్ మొరాయిస్తే కంట్రోలుకు చెప్పకుండా దాన్ని ఐసొలేట్ చేయకండి (పని నుంచి తప్పించకండి). చేశాక సిగ్నళ్ల ఆధారంగానే నడపండి. డ్యూటీ దిగేటప్పుడు తెరకూ సిగ్నల్‌కూ పొంతన కుదరని ప్రతి చోటునూ విద్యుత్ స్తంభం సంఖ్యతో, సమయంతో సహా పుస్తకంలో రాసిపెట్టండి. ఆ స్తంభం దగ్గరి ట్యాగును మరునాడు వెళ్లి చూడవలసిన సిగ్నల్ సిబ్బందికి మీరు రాసిన ఆ ఒక్క వాక్యమే దారి చూపుతుంది.