ఈఎస్ఎక్స్ఐ నుంచి ప్రాక్స్‌మాక్స్‌కు, 4వ భాగం: డిస్క్ కంట్రోలర్ మార్చడం

ఈఎస్ఎక్స్ఐ (వీఎంవేర్‌ది), ప్రాక్స్‌మాక్స్ రెండూ వీఎంలను, అంటే సాఫ్ట్‌వేర్‌తో తయారైన వర్చువల్ కంప్యూటర్లను, నడిపే వేదికలు. పోయిన భాగంలో ఈఎస్ఎక్స్ఐలోని విండోస్ సర్వర్ వీఎం డిస్కును ప్రాక్స్‌మాక్స్‌లోకి తెచ్చుకున్నాం. వీఎంను ఇప్పుడే ఆన్ చేయకండి. ముందు ఫర్మ్‌వేర్ (వీఎంను బూట్ చేసే తొలి ప్రోగ్రాం) చూడండి. పాత వీఎం బయోస్‌తో నడిచి ఉంటే ఇక్కడ సీబయోస్, ఈఎఫ్ఐతో నడిచి ఉంటే ఓవీఎంఎఫ్ పెట్టాలి. ఇది తప్పితే డిస్క్ ఎంత బాగున్నా బూట్ అవదు.

అసలు పని డిస్క్ కంట్రోలర్‌తోనే, అంటే డిస్కును వీఎంకు కలిపే భాగంతోనే. వీఎంవేర్‌లో డిస్క్ ఎల్ఎస్ఐ లాజిక్ అనే కంట్రోలర్ మీదో, పీవీస్కజీ అనేదాని మీదో ఉండేది. ఇక్కడ వేగంగా నడిచేది వర్ట్‌ఐఓ స్కజీ. దాని డ్రైవర్ విండోస్‌తో పాటు రాదు. అందుకే నేరుగా తగిలిస్తే 'ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్' అంటూ నీలి తెర వస్తుంది. అది చూసి డిస్క్ పాడైందని మళ్లీ కాపీకి దిగకండి. డిస్కుకేం కాలేదు, దాన్ని చదివే డ్రైవర్ లేదంతే.

మొదట డిస్కును సాటాగా (మామూలు పీసీల్లో డిస్కులు తగిలించే పద్ధతి) తగిలించి బూట్ చేయండి. సాటా డ్రైవర్ విండోస్‌లోనే ఉంటుంది. లోపలికి వెళ్లాక వర్ట్‌ఐఓ-విన్ ఐఎస్ఓ (ఆ డ్రైవర్లున్న సీడీ లాంటి ఫైల్) నుంచి డ్రైవర్లు ఎక్కించండి. అంతటితో సరిపోదు. ఆ కంట్రోలర్‌ను విండోస్ ఒక్కసారైనా చూసి ఉంటేనే బూట్ సమయానికి దాని డ్రైవర్‌ను సిద్ధంగా ఉంచుతుంది. అందుకని కంట్రోలర్‌ను 'వర్ట్‌ఐఓ స్కజీ సింగిల్'గా పెట్టి, 1 జీబీ ఖాళీ డిస్కును స్కజీగా చేర్చండి. డివైస్ మేనేజర్‌లో 'రెడ్ హ్యాట్ వర్ట్‌ఐఓ స్కజీ పాస్-త్రూ కంట్రోలర్' పసుపు గుర్తు లేకుండా కనిపించాలి.

కనిపించాక షట్‌డౌన్ చేయండి, రీస్టార్ట్ కాదు. ఖాళీ డిస్కు తీసేయండి. సిస్టం డిస్కును డిటాచ్ చేసి స్కజీగా తిరిగి తగిలించండి. డిటాచ్ చేయగానే అది బూట్ ఆర్డర్‌లోంచి జారిపోతుంది. ఆప్షన్స్‌లోకి వెళ్లి మళ్లీ టిక్ పెట్టాలి.

నెట్‌వర్క్ కార్డు కూడా మారింది కాబట్టి, స్టాటిక్ ఐపీ ఇవ్వబోతే అది వేరే అడాప్టర్‌కు ఉందని విండోస్ అడ్డుపడుతుంది. డివైస్ మేనేజర్‌లో 'షో హిడెన్ డివైసెస్' నొక్కి, వీఎంవేర్ నాటి పాత నెట్‌వర్క్ కార్డు వీఎంఎక్స్‌నెట్3ను అన్‌ఇన్‌స్టాల్ చేయండి. లైనక్స్ వీఎంలలో మారేది కార్డు పేరు. ఈఎన్ఎస్192 అని ఉన్నది సాధారణంగా ఈఎన్ఎస్18 అవుతుంది, కాన్ఫిగ్ ఫైల్లో మీరే దిద్దాలి. లైసెన్స్ మ్యాక్ అడ్రస్‌కు (నెట్‌వర్క్ కార్డు గుర్తింపు సంఖ్యకు) ముడిపడి ఉంటే పాత మ్యాక్‌నే ఇవ్వండి. అయితే ఒకే మ్యాక్‌తో రెండు వీఎంలు నడవకుండా, ఈఎస్ఎక్స్ఐలోని పాత వీఎం ఆపి ఉందో లేదో ముందు చూసుకోండి.

వచ్చే భాగంలో సీపీయూ టైప్, మెమరీ బెలూనింగ్. అప్పటిదాకా పాత వీఎంను డిలీట్ చేయకండి.