బోరు నీళ్లకు మొండికేసిన కూలర్

అనంతపురంలో మా బోరు నీళ్లు బకెట్లోనే తెల్లగా చార కడతాయి. అవే కూలర్‌లో పోస్తే ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పంతా తొట్టిలోనే మిగులుతుంది. ఏప్రిల్‌లో పంపు గుయ్‌మంటోంది గానీ నీళ్లు పైకెక్కట్లేదు. ‘పంపు పోయిందన్నా, మార్చేద్దాం’ అన్నాడు రిపేరు పిల్లోడు. చప్పుడొస్తుంటే మోటారు కాలిపోనట్టే కదా!

ప్లగ్గు పీకేసి పంపు విప్పాను. లోపల తిరిగే చిన్న చక్రం చుట్టూ సున్నంలాంటి పెచ్చు పట్టేసి ఉంది. కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు గోరువెచ్చని నీళ్లలో కలిపి, చక్రాన్నీ ప్లాస్టిక్ మూతనీ నానేశాను. బుసబుసా నురగ వచ్చి పెచ్చు వదులైంది. మిగిలింది పాత టూత్‌బ్రష్‌తో రుద్దాను. వైరున్న మోటారు భాగాన్ని మాత్రం అందులో ముంచకుండా తడిగుడ్డతో తుడిచాను. రేకు తొట్టికి కూడా ఈ పులుపు వద్దు, తుప్పు పడుతుంది. పైన నీళ్లు జారే బెజ్జాలను పిన్నీసుతో పొడిచాను. గడ్డి ప్యాడ్లు రాయిలా గట్టిపడ్డాయి, అవి మార్చక తప్పలేదు.

ఇప్పుడు వారానికోసారి తొట్టి నీళ్లు పూర్తిగా పారబోస్తున్నాం. నీళ్లు దండగని మా అమ్మ గొణుగుతుంది గానీ, అవి జామచెట్టు పాదులోకే పోతున్నాయి.